రెండు రూపాయల మాత్ర, మంగళవారం క్లినిక్: ఆరు నెలలు తిరిగి రాస్తున్న రివ్యూ

మా బస్తీ దవాఖానాలో, అంటే కాలనీలో ఉండే చిన్న సర్కారు ఆసుపత్రిలో, మంగళవారాలు ఆడవాళ్ళ కోసం నడిచే ఆరోగ్య మహిళ క్లినిక్‌కి నేను 5కి 4 ఇస్తున్నా. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాస్తా. ఇది 2023 డిసెంబర్‌లో రాస్తున్నా, జూన్ నుంచి ఇప్పటిదాకా ఐదారు సార్లు వెళ్ళొచ్చా, కాబట్టి ఒక్కరోజు చూసి రాసింది కాదు. ఇంట్లో డబ్బులకి కటకటగా ఉండి సొంత మందులు ఆపేసుకున్న ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు చదవాలని రాస్తున్నా, ఎందుకంటే నేను ఆపేశాను.

మాది ఖమ్మం వైపు, పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, పదహారేళ్ళు అవుతోంది. ఈ ఏడాది జనవరి నుంచి మా వారి కంపెనీలో జీతాలు సరిగ్గా రావట్లేదు, ఫిబ్రవరిలో సగం వేశారు, మార్చిలో అసలు వెయ్యలేదు, ఏప్రిల్‌లో ఇక రావద్దన్నారు. ఇద్దరు పిల్లల ఫీజులు, బండి ఈఎంఐ, ఇంటద్దె, చిట్టీ వాయిదా. ఒకరోజు రాత్రి పాల లెక్క రాసుకునే నోట్‌బుక్ తీసి ఏమేం తగ్గించుకోవచ్చో రాసుకున్నా. కేబుల్ తీసేయించా, పేపర్ మాన్పించా, పెద్దోడి ట్యూషన్ మాన్పించడానికి మనసు రాలేదు, అత్తయ్య బీపీ మందులు ఎలాగూ ముట్టుకోకూడదు, ఆ కింద నా పేరు పక్కన థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర అని ఉంటే ఆ రెండిటి మీద పెన్నుతో గీత కొట్టేశా. అరనిమిషం కూడా ఆలోచించలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా, అడగడానికి వాళ్ళకి తెలిస్తే కదా.

థైరాయిడ్ మాత్రతో చిక్కేంటంటే ఆపగానే ఏమీ తెలీదు. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుందట, అందుకని మొదటి రెండు మూడు వారాలు బానే ఉంటాం, చూశావా అది లేకపోయినా నడుస్తోంది, అనవసరంగా ఇన్నేళ్ళు మింగాం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. నెలన్నర దాటాక మొదలైంది, పొద్దున లేస్తే ఒళ్ళంతా ఇసుక మూటలా ఉండటం, మే నెల ఎండల్లో కూడా కాళ్ళు చల్లగా ఉండటం, దువ్వెన నిండా జుట్టు, పిల్లల మీద ఊరికే అరవడం. అన్నిటికంటే భయపెట్టింది పీరియడ్స్. ఐదు రోజులకి అయిపోయేది పది పన్నెండు రోజులు, గంటన్నరకి ఒకసారి మార్చుకోవాల్సి వచ్చేది, రక్తం గడ్డలు గడ్డలుగా పడేది, ఆటోలో వెళ్తే దిగేటప్పుడు సీటు వైపు చూసుకోవాల్సిన పరిస్థితి.

అప్పటికి భయమేసి మెయిన్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేట్ క్లినిక్‌కి వెళ్ళా, పేరు రాయను. కన్సల్టేషన్ 600. డాక్టర్‌గారు రెండు నిమిషాలు విన్నారు, తర్వాత కౌంటర్ దగ్గర అమ్మాయి ఒక రంగుల కాగితం ఇచ్చింది, లేడీస్ హార్మోన్ ప్యాకేజీ అని, అందులో ఇరవై పైన టెస్టులు, ఆఫర్ పోను 6,500. అప్పుడు నా అకౌంట్లో పదకొండు వందలు ఉన్నాయి. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశా. ఇందులో నిజంగా నాకు ఏది కావాలి అని అడిగితే అన్నీ చేయించుకుంటే మంచిది మేడమ్ అంది, అంతే. ఆ అమ్మాయి తప్పేం లేదు, తనకి చెప్పమన్నది తను చెప్పింది. కానీ డబ్బుల్లేని మనిషికి 6,500 కాగితం ఇస్తే తను మొత్తానికే మానేసి ఇంటికెళ్తుంది, అందులో అత్యవసరంగా కావాల్సిన ఒక్క టెస్టు కూడా చేయించుకోదు. నేను అదే చేశా.

ఊరికి ఫోన్ చేస్తే మా పిన్ని అన్నమాట ఇంకా చెవుల్లో ఉంది. ఎందుకే ఈ బాధ, ఇద్దరు పిల్లలు పుట్టారుగా, గర్భసంచి తీయించేసుకో, ఒక్కసారితో పీడా పోతుంది అంది. పిన్ని తన ముప్పై ఆరో ఏట తీయించుకుంది, మిరప కోతల పనికి వెళ్ళేది, నెలకి నాలుగు రోజులు కూలి పోతోందని, ప్రతిసారీ ఆసుపత్రి ఖర్చు పెట్టుకునే కంటే ఒకేసారి అప్పు చేసి అవగొట్టేద్దామని. మా ఊళ్ళో అలాంటోళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇది మా ఊరి మాట మాత్రమే కాదు. 2015-16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే ఆంధ్రాలో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు పిన్ని మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగటం కళ్ళముందుకి వస్తుంది, ఆవిడకి అండాశయాలు కూడా తీసేశారు, అంటే ముప్పై ఆరేళ్ళకే మెనోపాజ్ వచ్చినట్టే, ఎముకలకి అండగా ఉండే హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ సంగతి ఆవిడకి అప్పుడు ఎవరూ చెప్పలేదు.

మంగళవారం క్లినిక్ గురించి చెప్పింది మా కింద వాటాలో మిషన్ కుట్టే వదిన. జాకెట్టు కొలతకి నిలబడి మాట్లాడుతుంటే కళ్ళు తిరిగి కూర్చుండిపోయా, ఆవిడ నా కింది రెప్ప లాగి చూసి, ఇంత తెల్లగుంది ఏంది వదినా, నాతో రా మంగళారం, రూపాయి తీసుకోరు, అందరూ లేడీసే అంది. బస్తీ దవాఖానా అంటే జ్వరానికీ దగ్గుకీ వెళ్ళేది అనుకున్నా అప్పటిదాకా. ఈ ఆరోగ్య మహిళ అన్నది ఈ ఏడాది మార్చి 8న, మహిళా దినోత్సవం రోజు మొదలుపెట్టారంట, మొదట వంద చోట్ల పెట్టి తర్వాత పెంచుతూ పోయారు, మంగళవారం ఆడవాళ్ళకి మాత్రమే, చూసేవాళ్ళు కూడా ఆడ డాక్టర్లు, ఆడ సిబ్బందే. నెలసరి ఇబ్బందులు, థైరాయిడ్, విటమిన్ లోపాలు, మెనోపాజ్, పిల్లలు కలగకపోవడం, మూత్రం ఇన్ఫెక్షన్లు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు, బరువు, ఇవన్నీ అక్కడే చూస్తారు.

జూన్‌లో మొదటిసారి వెళ్ళినప్పుడు తొమ్మిదింటికే వెళ్ళా, అప్పటికే పదకొండు మంది ఉన్నారు. రెండు గదుల దవాఖానా, బయట రేకుల షెడ్డు కింద ఒకటే బెంచీ, మిగతావాళ్ళం గోడకి ఆనుకుని నిలబడ్డాం. నా ముందు ఒకామె బీడీలు చుట్టే పని చేస్తుందంట, నెల తప్పి మూడు నెలలైంది, కడుపు కాదు, ఏంటో తెలీట్లేదు అని పక్కామెతో మెల్లగా చెప్తోంది. పేరు రాసుకునే సిస్టర్ అందరినీ ఆఖరి డేట్ ఎప్పుడు అని అడిగి చీటీ మీద రాస్తోంది, మగవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఎవరూ గొంతు తగ్గించాల్సిన పని లేకుండా చెప్తున్నారు. అది చిన్న విషయం కాదు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, ఇన్నేళ్ళలో గడ్డలు పడుతున్నాయి అన్న మాట ఒక బయటి మనిషికి పూర్తిగా చెప్పింది ఆ రోజే.

డాక్టరమ్మ నా పాత ఫైలు మొత్తం తిరగేసింది. రెండేళ్ళ కాగితాలు వరసగా పెట్టి, నీకు మాత్ర డోసు 50 నుంచి 75కి పెంచినా టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ తక్కువైతే పెరిగే అంకె, దిగలేదు చూడు, ఎందుకో ఎవరైనా అడిగారా అంది. లేదన్నా. మాత్ర ఎన్నింటికి వేసుకునేదానివమ్మా అంది. పొద్దున్నే లేవగానే మేడమ్, పరగడుపునే అన్నా. వేసుకున్నాక ఎంతసేపటికి కాఫీ అంది. నేను ఆగిపోయా. మాత్ర కాఫీ గ్లాసు పక్కనే పెట్టుకుని వేసుకునేదాన్ని, ఐదు నిమిషాల్లో కాఫీ. పైగా ఐరన్ మాత్ర మర్చిపోతానని దాన్ని కూడా అప్పుడే కలిపి మింగేసేదాన్ని. డాక్టరమ్మ చీటీ వెనక గీసి చూపించింది, పొద్దున థైరాయిడ్ మాత్ర ఒట్టి మంచినీళ్ళతో, కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత కాఫీ టిఫిన్, ఐరన్ కానీ కాల్షియం కానీ దానికి నాలుగు గంటల దూరంలో, మధ్యాహ్నం అన్నం అయ్యాకో రాత్రికో. ఆ రెండిటినీ కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదంట. రెండేళ్ళు డబ్బులు పెట్టి కొని, సగం మందు కాఫీకి ఐరన్‌కి ఒప్పగించానన్నమాట. ఈ ఒక్క ముక్క ఏ ప్యాకేజీలోనూ లేదు.

రక్తం తీసిన పిల్ల చాలా చిన్నది, నా నరం దొరక్కపోతే అక్కా పిడికిలి గట్టిగ పట్టు అని రెండోసారికి తీసింది. శాంపిల్స్ అక్కడ చెయ్యరు, బండి వచ్చి తీసుకెళ్తుంది, హైదరాబాద్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు ల్యాబ్ నారాయణగూడలో ఉంది, 2018లో పెట్టారు, మొదట 57 రకాల పరీక్షలు ఉండేవి, ఈ ఏడాది 134కి పెంచారు, అన్నీ ఉచితం. మర్నాడు సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, తెరిస్తే రిపోర్ట్. టీఎస్‌హెచ్ 18.4. ఉండాల్సింది నాలుగు ఐదు లోపు. హిమోగ్లోబిన్ 9.2, ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి.

తర్వాతి మంగళవారం డాక్టరమ్మ చెప్పింది విని నేను అక్కడే ఏడ్చేశా, దాచుకోవాల్సిన పని లేదు. థైరాయిడ్ తక్కువైతే పీరియడ్స్ ఇలా ఎక్కువ అవ్వడం మామూలే, రక్తం పోతే నీరసం, నీరసానికి ఐరన్ కూడా ఆపేశావు, ఒకదానికొకటి తోడయ్యాయి, ముందు మాత్ర మొదలుపెడదాం, స్కానింగ్ ఒకటి తీయించుకుని గర్భసంచిలో గడ్డలూ గట్రా ఏమీ లేవని చూసుకుందాం, గర్భసంచి మాట ఇప్పుడు ఎత్తకు అంది. స్కానింగ్ మా దగ్గర లేదు, పెద్దాసుపత్రికి చీటీ రాసింది, అక్కడ తీయించుకున్నా, ఏమీ లేవు. 50తోనే మళ్ళీ మొదలుపెట్టింది, డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ టెస్టు, అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు, డబ్బులిచ్చి చేయించుకునేవాళ్ళకి అదొక దండగ అని కూడా చెప్పింది. ఆగస్టులో 4.1 వచ్చింది, పోయిన వారం 2.6. డోసు అదే 50, మారింది కాఫీ, ఐరన్ వేసుకునే టైమ్ మాత్రమే. పీరియడ్స్ సెప్టెంబర్ నుంచి ఐదారు రోజులకి వచ్చేశాయి.

డబ్బుల సంగతి విడిగా చెప్తా. మొదటి నెల మాత్రలు దవాఖానాలోనే ఇచ్చారు. రెండో నెల స్టాక్ లేదన్నారు, బయట కొనుక్కున్నా, నా 50 మాత్ర డబ్బాగా కొంటే రోజుకి రెండు రూపాయల లోపే పడింది. నేను పెన్నుతో గీత కొట్టేసిన థైరాయిడ్ మాత్ర నెలకి ఇంచుమించు అరవై రూపాయలు. అరవై. పీరియడ్స్ ఎక్కువైన ఆ నెలల్లో నేను ప్యాడ్స్‌కి పెట్టిందే దానికి నాలుగింతలు ఉంటుంది. ఆ లెక్క ముందే వేసుకోలేదు, ఎందుకంటే మాత్ర ధర కాదు నేను తీసేసింది, డాక్టర్ ఫీజు, టెస్టు, ఆటో, మాత్ర అన్నీ కలిపి ఒక పెద్ద ఖర్చుగా మనసులో ఉంది, అందులో విడదీసి చూసుకోలేదు.

మెడికల్ షాపు గురించి ఒక జాగ్రత్త. మా కాలనీ చివర షాపులో ఒకసారి నేను వాడే బ్రాండ్ లేదని వేరేది చేతిలో పెట్టేశాడు, రెండూ ఒకటే అక్కా అన్నాడు. పేరు ఒకటే, మందు ఒకటే నిజమే, తక్కువ ధరది తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఈ ఒక్క మందు విషయంలో ప్రతి నెలా కంపెనీ మార్చకూడదు, చిన్న తేడా కూడా టీఎస్‌హెచ్‌లో కనపడుతుంది. చవకది అయినా సరే ఏదో ఒకటి పట్టుకుని దాంట్లోనే ఉండటం, మార్చక తప్పకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలకి టెస్టు చేయించుకోవడం. ఇది కూడా క్లినిక్‌లోనే చెప్పారు. డబ్బా మూత గట్టిగా పెట్టి, ఎండ, తడి తగలని చోట ఉంచమన్నారు, నేను ముందు సింకు పైన కిటికీలో పెట్టేదాన్ని, ఇప్పుడు దేవుడి అల్మారాలో అగ్గిపెట్టె పక్కన పెడుతున్నా, దీపం పెట్టేటప్పుడు గుర్తొస్తుంది.

ప్యాడ్స్ జన్ ఔషధి షాపులో సువిధ అని వస్తాయి, ఒక్కోటి రూపాయి, 2019 ఆగస్టు నుంచి ఆ ధరే. నేనూ మా అమ్మాయీ ఇద్దరం వాడుతున్నాం. ఎక్కువ అయ్యే రోజుల్లో రాత్రికి సరిపోవు, అవి మామూలు రోజులకే, ఆ రెండు రోజులకి పెద్దవి వేరే కొనుక్కుంటున్నా. ఆ షాపులోనే షుగర్‌కీ, అండాశయాల హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓఎస్‌కీ ఇచ్చే మెట్‌ఫార్మిన్, ఐరన్, కాల్షియం కూడా బాగా తక్కువకి దొరుకుతాయి.

మెట్‌ఫార్మిన్ అంటే గుర్తొచ్చింది, సెప్టెంబర్‌లో నాతో మా ఆడపడుచు కూతురు వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్ 2కి చదువుతోంది, పరీక్షలు వాయిదా పడుతూ ఉండేసరికి ఇంటి నుంచి డబ్బులు అడగటానికి మొహం చెల్లక పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, రాత్రి బిస్కెట్లు. నాలుగు నెలలుగా డేట్ రాలేదు, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు. నెట్‌లో చూసి పీసీఓఎస్ అని తనే తేల్చేసుకుని ఏదో పొడి ఆన్‌లైన్‌లో కొనుక్కుంది, నెలకి తొమ్మిది వందలు పెట్టి, తిండి మానేసి. డాక్టరమ్మ ఆ డబ్బా పక్కన పెట్టి, ముందు తిను అంది. కడుపు మాడ్చుకున్నా, విపరీతంగా టెన్షన్ పడ్డా మెదడే నెలసరిని ఆపేస్తుందంట, ఇప్పుడు పిల్లల్ని కనే టైమ్ కాదు అన్నట్టు. పీసీఓఎస్ అని చెప్పాలంటే నెలసరి తప్పడం, మగ హార్మోన్ ఎక్కువ ఉన్న గుర్తులు, స్కాన్‌లో అండాశయాల తీరు, ఈ మూడిట్లో రెండు ఉండాలి, అది కూడా థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ తేడా లాంటివి కాదని చూశాకే. ఈ పిల్లకి మొదటి రెండూ ఉన్నాయి, మిగతా పరీక్షలు మామూలుగానే వచ్చాయి, అందుకని పీసీఓఎస్ అనే తేల్చారు. మందు కంటే ముందు పొద్దున టిఫిన్, రోజూ నడక, నిద్ర అని రాసిచ్చారు, మూడు నెలలు చూసి అప్పుడు మాత్ర సంగతి అన్నారు. పొడి మానేసిన తొమ్మిది వందలతో ఇప్పుడు హాస్టల్ పక్కన ఇడ్లీ, రెండు గుడ్లు తింటోంది. నవంబర్‌లో డేట్ వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే. మా దవాఖానాలో లోపల పరీక్ష చేసే మంచానికీ డాక్టర్ టేబుల్‌కీ మధ్య ఒకటే పల్చటి కర్టెన్, వరసలో ముందున్నవాళ్ళకి మాటలు వినపడతాయి. మంగళవారం తప్పిపోతే వారం ఆగాలి, రోజు కూలికి వెళ్ళేవాళ్ళకి ఆ పూట కూలి పోయినట్టే, నా ముందు నిలబడిన బీడీల ఆమె రెండోసారి రాలేకపోయిందని వదిన చెప్పింది. స్టాక్ లేని సంగతి పైన రాశా. అక్టోబర్‌లో ఒకసారి రెండు గంటలు నిలబడ్డా. డాక్టర్ మారినప్పుడు కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి, అందుకని పాత కాగితాలన్నీ తేదీల వరసన ఒక కవర్‌లో పెట్టుకుని వెళ్ళండి, ఆఖరి మూడు నెలల డేట్లు, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని మార్చారు అన్నది క్యాలెండర్ మీద రాసుకుని వెళ్ళండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మీ దగ్గర దవాఖానాలో మంగళవారం క్లినిక్ ఉందో లేదో మీ ఆశా అక్కని ముందు అడగండి, అన్నిచోట్లా లేదు. ఆంధ్రా వైపువాళ్ళు పీహెచ్‌సీలో ఏఎన్ఎంని కానీ ఆశాని కానీ పట్టుకుని థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఎక్కడ చేస్తారో అడగండి.

చేతిలో డబ్బులు ఏమాత్రం ఉన్నా, అన్నీ చేయించుకోలేకపోతే మొదట ఏది చేయించాలో డాక్టర్‌ని అడగండి, నాకు ఇంతే ఉన్నాయి అని చెప్పి మరీ అడగండి. నేను మొదటి క్లినిక్‌లో ఆ మాట చెప్పలేకపోయా, సిగ్గుపడ్డా. గంటకి ఒక ప్యాడ్ తడిసిపోతున్నా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నా మంగళవారం దాకా ఆగకుండా ఏ రోజైనా పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి. థైరాయిడ్ మాత్ర వాడుతూ నెల తప్పినవాళ్ళు కడుపేమో అని మాత్ర అస్సలు ఆపకండి, బిడ్డకి అది ఇంకా ఎక్కువ కావాలి, వెంటనే చూపించుకోండి.

మా వారికి అక్టోబర్‌లో వేరే చోట పని దొరికింది, జీతం పాతదానికంటే తక్కువే. పాల లెక్క నోట్‌బుక్‌లో ఇప్పుడు అత్తయ్య మందుల కింద నా మాత్ర కూడా రాసి ఉంది, అది మా వారే రాశారు, 1వ తారీఖు ఆయనే తెస్తున్నారు.

పిన్ని సంక్రాంతికి మా ఇంటికి వస్తోంది. పండగ అయిన తర్వాతి మంగళవారం ఆవిడని తీసుకెళ్తున్నా, ఆపరేషన్ అయిన కాగితాలు దొరికినన్ని తెమ్మని చెప్పా, మోకాళ్ళకీ నడుముకీ డాక్టరమ్మ ఏం చూస్తుందో, ఎముకల పరీక్షకి ఎక్కడికి పంపిస్తుందో వచ్చాక ఇక్కడే కింద రాస్తా.